టాక్సీలో కెమెరా సరే, తాళం ఎవరి దగ్గర?

బాగ్ లింగంపల్లిలో సుందరయ్య పార్కు దగ్గరికి రాత్రి పదింటికి పోయి చూడండి. నాలుగైదు టాక్సీలు వరసగా ఆగి ఉంటాయి. సీటు వెనక్కి వాల్చి, కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి డ్రైవర్లు కునుకు తీస్తుంటారు. ఫోను మోగితే ఉలిక్కిపడి లేస్తారు. ఒకరిది అచ్చంపేట దిక్కు, ఒకరిది దేవరకొండ, ఒకరిది నారాయణఖేడ్. ఊళ్లో భూమి లేదు. ఉన్న కుంట చెక్కకు నీళ్లు లేవు. చేతిలో ఉన్న ఆస్తి లైసెన్సు ఒక్కటే. ఆ కారులోనే తింటారు, ఆ కారులోనే పడుకుంటారు, బట్టల సంచి డిక్కీలో ఉంటుంది.

వాళ్లలో ఒక తమ్ముడు మొన్న మా దగ్గరికొచ్చి, "అన్నా, బండ్లల్ల కెమెరాలు పెట్టమని మన పత్రికల ఒక్క మాట రాయి" అన్నాడు. అతని ఐడీ బంద్ అయింది. చిక్కడపల్లిలో తాగి ఎక్కిన ఇద్దరు దిగేటప్పుడు పైసలియ్యలేదు. అడిగితే మీదేవూరు, మీరేమిటోళ్లు అని కూపీ లాగి, కులం పేరు పెట్టి తిట్టి చెంప మీద కొట్టారు. తెల్లారేసరికి కంప్లయింటు వాళ్లే పెట్టారు, డ్రైవరు దురుసుగా మాట్లాడాడని. కంపెనీ వాళ్ల మాటే విన్నది. ఇతన్ని పిలిచి అడిగిన పాపాన పోలేదు. తొమ్మిది రోజులు కిరాయి లేదు. ఫైనాన్సోడి కిస్తీ మాత్రం ఆగలేదు.

ఈ మాట అశోక్ నగర్లో గ్రూప్స్ కు చదువుకుంటున్న ఒక చెల్లెలితో అంటే ఆమె ఇంకో మాట చెప్పింది. "అన్నా, రాత్రిపూట ఒక్కదాన్నే బండెక్కాలంటే భయమే. మీట నొక్కుడేందో, ఎవరొస్తరో నాకు తెల్వదు. కానీ కెమెరా పెడితే నా బొమ్మ ఎవని ఫోన్లకు పోతదో, అదింకో భయం."

ఇద్దరూ మన పిల్లలే. ఇద్దరి మాటా నిజమే. ఈ సంచికలో దీని గురించి రాయకుండా దాటెయ్యలేకపోయాం.

కెమెరా అనగానే మన కార్యకర్తలు చాలామంది మొహం చిట్లిస్తారు. "అది పోలీసోడి కన్ను, మనకెందుకు" అంటారు. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. 2023 జనవరి ఆఖరులో మెదక్ పోలీసులు ఖదీర్ ఖాన్ అనే కూలి మనిషిని హైదరాబాద్ నుంచి పట్టుకుపోయారు. గొలుసు దొంగతనం కేసు. సాక్ష్యమేమిటి? సీసీ కెమెరాలో కనిపించిన మనిషికీ ఇతనికీ పోలిక ఉందట! చిత్రహింస పెట్టి వదిలేశారు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. పోలిక ఉన్నందుకు చచ్చిపోయాడు. అదే పోలిక బంజారాహిల్స్ బంగళా మనిషికి కలిస్తే ఏమయ్యేదో మనకు తెలుసు.

2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చి దుకాణాలకూ, హాళ్లకూ కెమెరాలు తప్పనిసరి చేశారు. అప్పటి నుంచి హైదరాబాద్ గల్లీ గల్లీకి కెమెరా వచ్చింది. దేశంలో కెమెరాలు ఎక్కువున్న ఊళ్లలో మనదొకటి అని గొప్పగా చెప్పుకుంటారు. బస్తీ పిల్లలకు అది ఏ రకమైన గొప్పో ఖదీర్ ఖాన్ భార్యాబిడ్డల్ని అడగాలి.

అయినా మేము కెమెరా వద్దు అనడం లేదు. ఎందుకంటే సాక్ష్యం లేక మనం పోగొట్టుకున్నది ఇంకా ఎక్కువ. 1991 ఆగస్టు 6న చుండూరులో పట్టపగలు మనవాళ్లను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. చూసినవాళ్లు ఒకరిద్దరు కాదు. కోర్టును ఊళ్లోనే పెట్టించుకునే దాకా పోరాడాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మన కళ్లు చూసింది, మన నోరు చెప్పింది పనికిరాలేదు. మన మాటకు కోర్టుల్లో విలువ ఎంతో ఇరవై మూడేళ్లు తిరిగి తెలుసుకున్నాం. అటువంటప్పుడు, తిట్టినవాడి నోరు, కొట్టినవాడి చెయ్యి పట్టుకునే యంత్రం ఒకటి బండిలో ఉంటే ఆ తమ్ముడు దాన్ని కావాలనుకోవడం తప్పా?

అసలు కిరాయి బండికీ మనకూ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. 1901లో చిన్న పిల్లవాడుగా ఉన్న అంబేడ్కర్, అన్నతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ రైలు దిగితే బండివాళ్లు ఎక్కించుకోలేదు. ఇద్దరింతల కిరాయి ఇస్తామని, బండి మేమే తోలుకుంటామని చెబితే గాని ఒకడు ఒప్పుకోలేదు. ఆ బండివాడు పక్కన నడిచాడు! 1929లో, బారిస్టరై వచ్చిన తర్వాత కూడా, చాలీస్ గాంలో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. వాడ మనుషులు టాంగా అద్దెకు తెచ్చి తోలడం రాని మనిషిని కూర్చోబెట్టారు. వంతెన దగ్గర చక్రం ఇరుక్కుని ఆయన కిందపడ్డాడు, కాలు విరిగింది. ఆ రోజు బండిలో అంబేడ్కర్ ప్రాణం మీదికి వచ్చింది గుర్రం వల్ల కాదు, టాంగా వల్ల కాదు. భద్రత అనే మాట వినగానే మనకు ఇది గుర్తుకు రావాలి.

ఇప్పుడు స్టీరింగు మన చేతికొచ్చింది. ప్రమాదం తప్పిందా? 2022 మేలో కాకినాడలో సుబ్రహ్మణ్యం అనే దళిత డ్రైవరు శవాన్ని, అతను ఒకప్పుడు పనిచేసిన ఎమ్మెల్సీ కారులోనే అర్ధరాత్రి ఇంటికి తెచ్చి దించారు. మొదట చెప్పింది యాక్సిడెంటు అని. ఇంటివాళ్లు, దళిత సంఘాలు కదలకపోతే అది యాక్సిడెంటుగానే ఉండిపోయేది. ఎమ్మెల్సీ అనంత ఉదయభాస్కర్ అరెస్టయ్యాడు, ఆ డిసెంబరులోనే బెయిలు మీద బయటికొచ్చాడు. బండిలో ఏం జరిగిందో చెప్పాల్సిన మనిషే చచ్చిపోతే ఇంకెవరు చెప్పాలి?

అమెరికాలో పెద్ద నగరాల్లో టాక్సీ డ్రైవర్ల హత్యల మీద అక్కడి సర్కారు ఆరోగ్య సంస్థ వాళ్లు లెక్క తీసి 2013లో అచ్చేశారు. కెమెరాలు పెట్టిన నగరాల్లో హత్యలు మూడో వంతుకు పడిపోయాయి. డ్రైవరుకూ ప్రయాణికుడికీ మధ్య అడ్డం అద్దాలు పెట్టిన చోట అంత ఫలితం కనబడలేదు. కనక కెమెరా ఉత్త బొమ్మ కాదు, ప్రాణాలు కాపాడుతుంది. ఇది ఒప్పుకోవాలి.

ఇక ఆడవాళ్ల సంగతి. 2013 అక్టోబరులో మాదాపూర్లో బండి కోసం నిలబడిన సాఫ్ట్ వేర్ ఉద్యోగినిని కారెక్కించుకుపోయి ఇద్దరు అత్యాచారం చేశారు. వాళ్లకు 2014లో 20 ఏళ్ల జైలు పడింది. షీ టీములు ఆ ఏడే వచ్చాయి. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ బండిలో ఒక యువతి మీద డ్రైవరు అత్యాచారం చేశాడు. 2015లో అతనికి యావజ్జీవం పడింది. ఈ కేసులు చెప్పినప్పుడు మన డ్రైవర్ తమ్ముళ్లు కొందరు, "ఒక్కడు చేస్తే అందర్నీ అంటరా" అని లేస్తారు. తమ్ముడూ, నీ బండెక్కే ఆడమనిషికి నువ్వు ఆ ఒక్కడివో, మిగతా అందరిలో ఒకడివో తెలిసే దారేది? ఆమె భయం నీ మీద నింద కాదు. రేపు నీ చెల్లెలు ఇంకొకరి బండెక్కుతుంది.

అయితే ఢిల్లీ కేసులో తర్వాత బయటపడింది ఇంకా చదవాలి. ఆ కంపెనీ పెద్ద అధికారి ఒకాయన ఆ యువతి వైద్య పరీక్షల కాగితాలు సంపాదించి తన దగ్గర పెట్టుకున్నాడు. పై అధికారులతో దాని మీద చర్చ కూడా జరిగిందట. 2017లో ఇది పత్రికలకెక్కాక అతన్ని తీసేశారు. ఆమె అమెరికాలో కంపెనీ మీద కేసు వేసింది, కంపెనీ రాజీ చేసుకుంది. ఆసుపత్రి కాగితాలనే తెప్పించుకున్న వాళ్ల చేతికి బండి లోపలి వీడియో ఇస్తే ఏం చేస్తారు? అశోక్ నగర్ చెల్లెలి రెండో భయం ఉత్తది కాదని దీన్ని బట్టి తెలుస్తోంది.

సర్కారు చేసింది ఏమీ లేదా అంటే ఉంది. కేంద్రం 2016 నవంబరు 28న నోటిఫికేషన్ ఇచ్చి టాక్సీలకూ బస్సులకూ జాడ చెప్పే పరికరం, ఆపద మీట తప్పనిసరి అన్నది. తర్వాత గడువులు జరుపుతూ పోయింది. ఢిల్లీలో టాక్సీల మీటలు నొక్కితే పోలీసు కంట్రోల్ రూముకు పోవడం లేదని 2022లో పత్రికలు రాశాయి. అంటే పరికరం కొన్నది డ్రైవరు, అమ్ముకున్నది కంపెనీ, ఫిట్ నెస్ కాగితం ఇచ్చింది బ్రేక్ ఇన్స్పెక్టరు. పలికేవాడు మాత్రం లేడు. ఆంధ్రాలో 2020 నవంబరులో "అభయం" అని విశాఖపట్నంలో మొదట వెయ్యి ఆటోలకు పరికరాలు పెట్టారు. డ్రైవరు కార్డు గీస్తేనే బండి కదలాలి, మీట నొక్కితే బండి ఆగాలి. నిర్భయ నిధి డబ్బు. లక్ష బండ్లకు పెడతామన్నారు. ఆలోచన మంచిదే. ఖర్చు డ్రైవరు నెత్తిన పడేయకపోవడం ఇందులో మనం పట్టుకోవలసిన మాట.

కేంద్రం రూలులో ఆటోలకు మినహాయింపు ఉంది. మన ఊళ్లలో ఆడవాళ్లు ఎక్కేది ఏమిటి? తెల్లారుగట్ల మిరప కోతకు, పత్తి ఏరడానికి పోయే అమ్మలు ఎక్కేది ఆటో, ట్రాలీ, ట్రాక్టరు. 2018 జూన్లో వలిగొండ మండలంలో కూలికి పోతున్న వాళ్ల ట్రాక్టరు మూసీ కాలవలో బోల్తాపడి 15 మంది చచ్చిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లకు కావలసింది కెమెరా కాదు, పొద్దున ఆరింటికి ఒక ఆర్టీసీ బస్సు. ఈ సంగతి మరిచి టాక్సీ కెమెరా ఒక్కటే భద్రత అంటే పట్నపోళ్ల ముచ్చటే అవుతుంది.

డబ్బు సంగతికి వద్దాం. ఈ బండ్లలో చాలావాటికి మూలం మన సంక్షేమ పథకాలే. 2015లో గ్రేటర్ కార్పొరేషన్ "డ్రైవర్ కమ్ ఓనర్" అని కార్లిచ్చింది. 2021లో హుజూరాబాద్ లో దళిత బంధు మొదలైతే 10 లక్షలతో చాలామంది బండ్లే కొన్నారు. ఎందుకంటే మన పిల్లలకు వచ్చిన పని డ్రైవింగే. ఇప్పుడు ఆ బండికి జాడ పరికరం, మీట, రేపు కెమెరా, దానికి నెల నెలా కట్టే చార్జీ, అది చెడితే ఫిట్ నెస్ ఆపడం. ఇట్లా ఒక్కొక్కటి తగిలిస్తూ పోతే బండి పేరుకు మనది, లోపలున్నదంతా ఇంకొకరిది అవుతుంది. 2024 ఎండల్లో డ్రైవర్లు "నో ఏసీ" అని ఎందుకు అనాల్సి వచ్చింది? ఏసీ వేస్తే పెట్రోలు డబ్బులు కూడా రావడం లేదు గనక. అటువంటి మనిషి జేబులోంచి కెమెరా కొనాలా? కిరాయిలో కమీషను తినే కంపెనీ కొనాలి. లేదా నిర్భయ నిధి నుంచి సర్కారు ఇవ్వాలి.

2025లో ఊబర్ మన దేశంలో కొన్ని నగరాల్లో డ్రైవరు ఫోనుతోనే ప్రయాణాన్ని వీడియో తీసుకునే పద్ధతి పెట్టి చూసింది. దొంగ కంప్లయింట్ల నుంచి డ్రైవర్లను కాపాడడానికట. మంచిదే. కానీ ఈ కంపెనీల కెమెరా డ్రైవరు ముఖాన్ని ఎట్లా చూస్తుందో మనకు అనుభవం ఉంది. హైదరాబాద్ లో ఒక డ్రైవరు తిరుపతి పోయి గుండు చేయించుకుని వచ్చాడు. పొద్దున సెల్ఫీ తీస్తే కంపెనీ యాప్ నువ్వు నువ్వు కాదన్నది! ఐడీ పోయింది. 2022లో ఒక అమెరికా పత్రిక ఈ కథ రాస్తూ మన దేశంలో 150 మంది డ్రైవర్లను అడిగితే దాదాపు సగం మంది సెల్ఫీ తంటాతో ఎప్పుడో ఒకప్పుడు ఐడీ పోగొట్టుకున్నవాళ్లే అని తేలింది. వెంకన్నకు తల నీలాలిస్తే అన్నం పోతుందని ఎవరనుకుంటారు? కనక ఫుటేజీ చూసి తీర్పు చెప్పేది యంత్రమైతే మనకొద్దు. మనిషి చూడాలి, డ్రైవరును పక్కన కూచోబెట్టి చూడాలి.

ఇంగ్లండులో సౌతాంప్టన్ అనే ఊరి మునిసిపాలిటీ 2009లో టాక్సీలన్నిట్లో బొమ్మతోపాటు మాటలు కూడా ఎప్పుడూ రికార్డు కావాలన్నది. అక్కడి సమాచార కమిషనర్ 2012లో వద్దన్నాడు. మునిసిపాలిటీ అప్పీలుకు పోతే 2013లో ట్రిబ్యునల్ కమిషనర్ మాటే నిలబెట్టింది. బొమ్మ తియ్యి, మాటలు మాత్రం ఎప్పుడూ వినడానికి వీల్లేదు అన్నారు. మనకూ ఇది పనికొస్తుంది. డ్రైవరు ఇంటికి ఫోను చేసి పెళ్లాంతో అప్పు గురించి మాట్లాడతాడు. సంఘం మీటింగు గురించి మాట్లాడతాడు. అదంతా కంపెనీ వినాల్సిన పనేముంది? గొడవ మొదలైతే డ్రైవరు గాని ప్రయాణికురాలు గాని మీట నొక్కాలి, అప్పుడు మాట రికార్డు కావాలి. కిరాయి లేనప్పుడు, డ్రైవరు పడుకున్నప్పుడు కెమెరా మూతపడాలి. అది అతని ఇల్లు.

ఇక్కడ మన చట్టం సంగతి ఒకటి చెప్పాలి. కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద కేసు. కానీ నలుగురి ఎదుట తిట్టి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటి మనుషులు లేనప్పుడు తిడితే ఈ సెక్షన్ రాదని 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీం కోర్టు అన్నది. మరి అద్దాలు మూసిన కారు నాలుగు గోడలా, నలుగురి ఎదురా? వాళ్ల వకీలు ఈ పేచీ పెట్టి తీరుతాడు. కెమెరా ఉన్నంత మాత్రాన ఈ పేచీ తీరదు. కానీ కొట్టినందుకు, బెదిరించినందుకు, డబ్బు ఎగ్గొట్టినందుకు ఫుటేజీ సాక్ష్యం అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచెయ్యాలి. సర్టిఫికెట్ ఇవ్వాల్సింది యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు. అంటే కంపెనీ దగ్గరే ఫుటేజీ ఉంటే మన కేసు కంపెనీ దయ మీద ఆధారపడుతుంది. తాళం ఎవరి దగ్గర అని అడుగుతున్నది ఇందుకే.

ఇంకొకటి. డ్రైవరు మీద కెమెరా పెట్టడానికి ఇంత ఆత్రం చూపేవాళ్లు, చట్టం పెట్టమన్న చోట ఎందుకు పెట్టరు? అట్రాసిటీ చట్టానికి 2016 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణలో 15ఏ సెక్షన్ 10వ క్లాజు ఉంది. ఈ చట్టం కింద జరిగే విచారణలన్నీ వీడియో తియ్యాలి అన్నది. మీ జిల్లా కోర్టులో ఎన్ని కేసులకు తీశారు? పీపీని అడగండి. 2020 డిసెంబరు 2న సుప్రీం కోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో, లాకప్పులో, వరండాలో మాటతో సహా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి, 18 నెలలు దాచాలి, తక్కువలో తక్కువ ఏడాదైనా ఉంచాలి అన్నది. ఏడు నెలలు తిరగకుండానే, 2021 జూన్లో, అడ్డగూడూరు స్టేషన్లో మరియమ్మ అనే దళిత స్త్రీ చచ్చిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. దేశంలో స్టేషన్ కెమెరాలు పనిచెయ్యడం లేదని 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు తనంతట తానే మళ్లీ కేసు తీసుకోవలసి వచ్చింది. టాక్సీ కెమెరా చెడితే బండి ఆపుతారు. స్టేషన్ కెమెరా చెడితే స్టేషన్ ఆపుతారా?

కాబట్టి మా మాట ఇది. కెమెరా పెట్టండి. కంపెనీ ఖర్చుతో పెట్టండి. తెలుగులో, ఉర్దూలో బోర్డు రాసి, కనబడేటట్టు పెట్టండి. దొంగ కెమెరా ఒద్దు. ఫుటేజీ పెట్టెకు సీలుండాలి. తెరవాలంటే కేసు నంబరు గాని, డ్రైవరు లేక ప్రయాణికురాలి రాతపూర్వక అర్జీ గాని ఉండాలి. ఎవరికి ఇచ్చినా ఇద్దరికీ ఒకే కాపీ ఇవ్వాలి. గొడవ లేని ప్రయాణం బొమ్మలు కొద్ది రోజుల్లో చెరిపెయ్యాలి. ఆడవాళ్ల ఫుటేజీ బయటికి పోతే, డ్రైవరు మీద కాదు, దాన్ని దాచినవాడి మీద కేసు పెట్టాలి. తెలంగాణ సర్కారు గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదాను 2025 ఏప్రిల్లో జనం ముందు పెట్టింది, నవంబరులో మంత్రివర్గం ఒప్పుకున్నది. ఐడీ తీసేసే ముందు కారణం చెప్పి నోటీసు ఇవ్వాలి, యంత్రం ఎట్లా నిఘా పెడుతుందో డ్రైవరుకు చెప్పాలి అన్న మాటలు ఆ ముసాయిదాలో ఉన్నాయి. కెమెరా ఫుటేజీ కాపీ డ్రైవరు హక్కు అన్న మాట కూడా అందులో చేరాలి. కేంద్రం 2023లో చేసిన వ్యక్తిగత సమాచార చట్టంలో మన వివరాలు మనం అడిగి తీసుకునే హక్కు ఉంది గాని, 2025 నవంబరులో రూల్సు ఇచ్చి కూడా ఆ భాగానికి 18 నెలల గడువు పెట్టుకున్నారు. అందాకా డ్రైవరు ఐడీలు ఆగవు కదా, బంద్ అవుతూనే ఉంటాయి.

అన్నట్టు ఆ తమ్ముడి ఐడీ పదో రోజున తిరిగొచ్చింది. ఎందుకు తీశారో చెప్పలేదు, ఎందుకు ఇచ్చారో చెప్పలేదు. కొట్టినవాళ్ల పేర్లు అడిగితే ప్రయాణికుల వివరాలు రహస్యం అన్నారట. చిక్కడపల్లిలో వాళ్లు ఎక్కిన చోటుకు ఎదురుగా ఒక దుకాణం కెమెరా ఉంది. ఆ దుకాణాయన ముప్పై రోజులే దాస్తానన్నాడు. ఇంకా పదకొండు రోజులున్నాయి. ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి స్టేషన్లో అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. మీ ఊళ్లో ఇటువంటిది జరిగితే మొదటి రోజే చుట్టుపక్కల కెమెరాలు ఎక్కడున్నాయో రాసిపెట్టుకోండి. ఆ రోజే ఎస్సైకి రాతపూర్వకంగా అడగండి. అర్జీ నమూనా నాలుగో పేజీలో వేశాం, చింపి వాడుకోవచ్చు.